ఫార్మసీ పి.హెచ్.డి. ప్రవేశం (హైదరాబాదు)

ఫార్మసీ పి.హెచ్.డి. ఔషధ శాస్త్రాలలో విశ్వవిద్యాలయాలు ప్రదానం చేసే అత్యున్నత పరిశోధనా పట్టము. మందు రసాయన నిర్మాణం, మాత్రగానో ఇంజెక్షనుగానో దానిని తయారు చేసే విధానం, శరీరంలో అది పనిచేసే తీరు, అందులోని కల్తీని కనిపెట్టే పరీక్షలు, మూలికలలోని ఔషధ గుణాలు మొదలైనవి దీని పరిధిలోకి వస్తాయి. హైదరాబాదు నగరం నడిబొడ్డున ఉన్న అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలను ఆనుకొని ఫార్మసీ కళాశాలలు ఉన్నాయి. కొత్త మల్లేపల్లిలోని అన్వారుల్ ఉలూమ్ ఫార్మసీ కళాశాల, ఆగాపురా దారుస్సలాంలోని దక్కన్ స్కూల్ ఆఫ్ ఫార్మసీ ఇందుకు ఉదాహరణలు. అయితే ఫార్మసీలో పి.హెచ్.డి. పట్టము ఇచ్చే విశ్వవిద్యాలయం ఈ ప్రాంతంలో లేదు. ఇక్కడి విద్యార్థి తార్నాక వైపు ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయానికో, కూకట్‌పల్లిలోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయానికో (జె.ఎన్.టి.యు.హెచ్.), బాలానగర్‌లోని జాతీయ ఔషధ విద్యా పరిశోధనా సంస్థకో (నైపర్) వెళ్ళవలసి ఉంటుంది.

ప్రవేశానికి కావలసిన అర్హతలు కాగితం మీద సులభంగానే కనిపిస్తాయి. స్నాతకోత్తర పట్టము, 55 శాతం మార్కులు, ఒక పరీక్ష, ఒక ఇంటర్వ్యూ. కాని ఫార్మసీ విషయంలో రెండు ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి. మొదటిది, దేశవ్యాప్తంగా పరిశోధనకు ద్వారంగా భావించే నెట్ పరీక్షలో ఫార్మసీ అనే విషయమే లేకపోవడం. రెండవది, పరీక్షలో నెగ్గినప్పటికీ పర్యవేక్షకుడు, అనగా వాడుకలో గైడు, వద్ద ఖాళీ ఉంటే తప్ప సీటు రాకపోవడం.

చారిత్రక నేపథ్యం

ఈ ప్రాంతంలో నేడు ఫార్మసీ డాక్టరేటు ఇచ్చే సంస్థ లేకపోయినా, నగరంలోని ఉన్నత విద్యకు మూలాలు చాలావరకు ఇక్కడే ఉన్నాయి. నాంపల్లి స్టేషను రోడ్డులోని 'గోల్డెన్ త్రెషోల్డ్' అఘోరనాథ చటోపాధ్యాయ నివసించిన ఇల్లు. ఆయన ఎడింబరో విశ్వవిద్యాలయం నుండి డి.ఎస్సి. పట్టము పొందిన రసాయన శాస్త్రజ్ఞుడు. ఆ పట్టము పొందిన తొలి భారతీయుడు ఆయనేనని చెబుతారు. హైదరాబాదు వచ్చి ఆయన నడిపిన కళాశాలే తరువాత నిజాం కళాశాల అయినది. ఆయన కుమార్తె సరోజినీ నాయుడు 1905లో వెలువరించిన తొలి కవితా సంపుటి పేరు మీదనే ఇంటికి ఆ పేరు వచ్చినది. రసాయన శాస్త్రంలో డాక్టరేటు కోసం సముద్రం దాటవలసిన రోజులవి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడగా, 1919 ఆగస్టులో తరగతులు ఆరంభమైనది కూడా ఇప్పటి ప్రాంగణంలో కాదు. నిజాం కళాశాలకు దగ్గరలోని ఒక భవనంలో. ఆరు సూత్రాల పథకం ఫలితంగా పార్లమెంటు చట్టం ద్వారా 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం గచ్చిబౌలికి తరలక ముందు గోల్డెన్ త్రెషోల్డ్‌లోనే మొదలైనది. దాని తొలి ఉపకులపతి గురుబక్ష్ సింగ్ కూడా రసాయన శాస్త్రజ్ఞుడే. ఈ సంస్థలన్నీ స్థలం చాలక నగరం అంచులకు వెళ్ళిపోయాయి. పరిశోధనకు ప్రయోగశాలలు, జంతుశాలలు, మూలికా వనాలు కావాలి కనుక అబిడ్స్ వంటి వ్యాపార కూడలిలో అవి నిలవడం కష్టమే.

భారతదేశంలో విశ్వవిద్యాలయ స్థాయి ఫార్మసీ విద్య 1930వ దశకంలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్ చొరవతో మొదలైనది. ఆంధ్ర ప్రాంతంలో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1951లో ఫార్మసీ విభాగాన్ని ఆరంభించినది. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం ఏర్పడిన భారత ఫార్మసీ మండలి (పి.సి.ఐ.) డిప్లొమా, బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ, ఫార్మ్.డి. కోర్సులను నియంత్రిస్తుంది. ఫార్మసీ విద్యపై అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఎ.ఐ.సి.టి.ఇ.) అధికారమా, పి.సి.ఐ. అధికారమా అన్న వివాదంలో 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఫార్మసీ చట్టానికే ప్రాధాన్యం ఇచ్చినది. పి.హెచ్.డి. నిబంధనలు మాత్రం విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) చేతిలో ఉన్నాయి. అందుచేత ఒకే విద్యార్థి ఎం.ఫార్మసీ వరకు ఒక సంస్థ నిబంధనల కింద, ఆ తరువాత మరొక సంస్థ నిబంధనల కింద ఉంటాడు.

పి.హెచ్.డి., ఫార్మ్.డి. మధ్య తేడా

ఈ రెండు పేర్ల వలన విద్యార్థులలోను, తల్లిదండ్రులలోను తరచు గందరగోళం కలుగుతుంది. ఫార్మ్.డి. ఇంటర్మీడియట్ తరువాత చేరే ఆరు సంవత్సరాల వృత్తి విద్యా కోర్సు. ఇందులో ఐదేళ్ళు చదువు, ఒక ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. దీనిని పి.సి.ఐ. 2008 నిబంధనలతో ప్రవేశపెట్టినది. బి.ఫార్మసీ చేసినవారికి ఇదే మూడేళ్ళలో పూర్తయ్యే మరొక మార్గం కూడా ఉన్నది. రోగికి ఇచ్చిన మందులు సరిపోతున్నాయా, ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూడటం దీని ప్రధాన విషయం. పేరులో 'డాక్టర్' అన్న మాట ఉన్నప్పటికీ ఇది పరిశోధనా పట్టము కాదు. పి.హెచ్.డి.లో మాత్రం కొత్త విషయాన్ని కనుగొని, సిద్ధాంత గ్రంథంగా వ్రాసి, పరీక్షకుల ఎదుట సమర్థించుకోవాలి.

ఫార్మ్.డి. పూర్తి చేసినవారు పి.హెచ్.డి.కి దరఖాస్తు చేయవచ్చునా అన్నది ఆయా విశ్వవిద్యాలయాల ప్రకటనను బట్టి ఉంటుంది. ముఖ్యంగా ఫార్మసీ ప్రాక్టీసు వంటి విభాగాలలో ఫార్మ్.డి.ని స్నాతకోత్తర అర్హతగా పరిగణిస్తారు. ఔషధ రసాయన శాస్త్రం వంటి విభాగంలో చేరదలచినవారు మాత్రం ప్రకటనలోని అర్హతల పట్టికను ఒకటికి రెండుసార్లు చదువుకోవడం మంచిది.

విద్యార్హతలు

పి.హెచ్.డి. ప్రవేశాలపై యు.జి.సి. 2009లోను, 2016లోను నిబంధనలు వెలువరించినది. ప్రస్తుతం అమలులో ఉన్నవి 2022 నవంబరులో ప్రకటించిన నిబంధనలు. వాటి ప్రకారం స్నాతకోత్తర పట్టములో కనీసం 55 శాతం మార్కులు గాని, దానికి సమానమైన గ్రేడు గాని ఉండాలి. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగలు, సంపన్న శ్రేణికి చెందని వెనుకబడిన తరగతులు, వికలాంగులు, ఆర్థికంగా బలహీన వర్గాలవారికి 5 శాతం సడలింపు ఉన్నది. ఫార్మసీలో ఈ స్నాతకోత్తర పట్టము అంటే సాధారణంగా నాలుగు సెమిస్టర్ల ఎం.ఫార్మసీ. ఫార్మాస్యూటిక్స్, ఔషధ రసాయనం, ఫార్మకాలజీ, ఫార్మకాగ్నసీ, ఔషధ విశ్లేషణ మొదలైన శాఖలలో ఏదైనా కావచ్చును. కాని గైడు శాఖ, అభ్యర్థి శాఖ ఒకటి కాకపోతే ఇంటర్వ్యూలో ఇబ్బంది ఎదురు కావచ్చును.

2022 నిబంధనలు తెచ్చిన పెద్ద మార్పు, నాలుగేళ్ళ డిగ్రీ చదివినవారు 75 శాతం మార్కులతో నేరుగా పి.హెచ్.డి.కి దరఖాస్తు చేసుకొనే అవకాశం. బి.ఫార్మసీ నాలుగేళ్ళ కోర్సే కనుక ఎం.ఫార్మసీ లేకుండానే డాక్టరేటు పొందవచ్చునని చాలామంది భావిస్తారు. యు.జి.సి. నిబంధన ఇది కనీస అర్హత అని మాత్రమే చెబుతుంది. ఏ విశ్వవిద్యాలయమైనా ఎం.ఫార్మసీ తప్పనిసరి అని పెట్టుకోవచ్చును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ఫార్మసీ కళాశాలలో అధ్యాపకుడిగా చేరడానికి పి.సి.ఐ. నిబంధనల ప్రకారం బి.ఫార్మసీతోపాటు ఎం.ఫార్మసీ కావాలి, ప్రొఫెసరు, ప్రిన్సిపాలు పదవులకు వాటిపైన పి.హెచ్.డి. కూడా కావాలి. ఎం.ఫార్మసీని దాటవేసి పి.హెచ్.డి. పొందినవాడు ఆ బోధనా పదవులకు అనర్హుడయ్యే ప్రమాదం ఉన్నది. రెండేళ్ళు ఆదా చేసుకోవాలనే తొందరలో ఈ చిక్కును ఎవరూ గమనించరు. రసాయన శాస్త్రంలో ఎం.ఎస్సి. చేసి ఔషధ రసాయనంలో పరిశోధన చేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. వారికి పరిశోధనా సంస్థలు, మందుల కంపెనీలు తలుపులు తెరుస్తాయి గాని ఫార్మసీ కళాశాలలు తెరవవు.

ఎం.ఫిల్. కోర్సును 2022 నిబంధనలు రద్దు చేశాయి. కనుక దాని ద్వారా పరీక్ష మినహాయింపు పొందే పాత పద్ధతి ఇప్పుడు వర్తించదు.

ప్రవేశ పరీక్షలు

యు.జి.సి. 2024 మార్చిలో ఒక నిర్ణయం ప్రకటించినది. ఆ ఏడాది జూన్ నుండి నెట్ పరీక్ష ఫలితాలను మూడు వర్గాలుగా విభజించి, మూడింటినీ పి.హెచ్.డి. ప్రవేశానికి ఉపయోగించవచ్చునన్నది. మొదటి వర్గం ఫెలోషిప్పుతో (జె.ఆర్.ఎఫ్.) పాటు అధ్యాపక అర్హత, రెండవది అధ్యాపక అర్హతతోపాటు పి.హెచ్.డి. ప్రవేశం, మూడవది పి.హెచ్.డి. ప్రవేశం మాత్రమే. రెండు, మూడు వర్గాలవారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఉంటుంది. ఆ మార్కులు ఒక ఏడాది చెల్లుతాయి. ఒకే పరీక్షతో దేశమంతటా ప్రవేశం పొందవచ్చునన్నది దీని ఉద్దేశం.

తెలుగు, చరిత్ర, వాణిజ్యం చదివినవారికి ఇది మేలే. కాని యు.జి.సి. నెట్ విషయాల పట్టికలో ఫార్మసీ లేదు. వైజ్ఞానిక, పారిశ్రామిక పరిశోధనా మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) తో కలిసి నిర్వహించే నెట్‌లో రసాయన, జీవ, భౌతిక, గణిత, భూ శాస్త్రాలు ఉన్నాయి, అక్కడా ఫార్మసీ లేదు. బి.ఫార్మసీ చదివినవారు ఆ పరీక్ష వ్రాయడానికి అర్హులే. అయితే వారు రసాయన శాస్త్రం పేపరు వ్రాస్తే ఎం.ఎస్సి. రసాయన శాస్త్ర విద్యార్థులతో, జీవ శాస్త్రాల పేపరు వ్రాస్తే ఎం.ఎస్సి. జీవ శాస్త్ర విద్యార్థులతో పోటీ పడాలి. నాలుగేళ్ళు తాము చదివిన ఫార్మాస్యూటిక్స్ గురించి అందులో ఒక్క ప్రశ్న కూడా రాకపోవచ్చును.

ఒకప్పుడు గేట్ పరీక్షలో ఔషధ శాస్త్రాల పేపరు ఉండేది. 2010లో జీప్యాట్ అనే ప్రత్యేక పరీక్ష రావడంతో గేట్ నుండి ఆ పేపరును తొలగించారు. జీప్యాట్‌ను మొదట ఎ.ఐ.సి.టి.ఇ. తరఫున బరోడాలోని మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయం, తరువాత ఎ.ఐ.సి.టి.ఇ., 2019 నుండి జాతీయ పరీక్షల సంస్థ నిర్వహించగా, 2024 నుండి జాతీయ వైద్య శాస్త్రాల పరీక్షల బోర్డు నిర్వహిస్తున్నది. జీప్యాట్ ప్రధానంగా ఎం.ఫార్మసీ ప్రవేశానికి, ఆ రెండేళ్ళలో నెలకు 12,400 రూపాయల ఉపకార వేతనానికి ఉద్దేశించినది. అది పి.హెచ్.డి. ప్రవేశ పరీక్ష కాదు. నైపర్ వంటి కొన్ని సంస్థలు పి.హెచ్.డి. అభ్యర్థి వద్ద జీప్యాట్, గేట్, నెట్‌లలో ఏదో ఒకటి ఉండాలని కోరుతూ, దానిపైన తమ సొంత పరీక్షను కూడా పెడతాయి. అందువలన ఎం.ఫార్మసీలో మేనేజిమెంటు సీటు దొరికినదని జీప్యాట్‌ను వదిలివేసినవారు రెండేళ్ళ తరువాత చింతించవలసి వస్తుంది.

మిగిలిన మార్గం విశ్వవిద్యాలయాల సొంత ప్రవేశ పరీక్ష. ఉస్మానియా విశ్వవిద్యాలయం అభ్యర్థులను రెండు వర్గాలుగా చూస్తుంది. జాతీయ ఫెలోషిప్పు ఉన్నవారు మొదటి వర్గం. వారికి ప్రవేశ పరీక్ష ఉండదు. మిగిలినవారు రెండవ వర్గం; వారు పరీక్ష వ్రాయాలి. నెట్‌లో తమ విషయం లేని కారణంగా ఫార్మసీ అభ్యర్థులలో అధికులు రెండవ వర్గంలోనే మిగులుతారు. ఈ పరీక్షలు ప్రతి సంవత్సరం తప్పక జరుగుతాయన్న భరోసా లేదు. కొన్నిసార్లు రెండు ప్రకటనల మధ్య ఏళ్ళే గడిచాయి.

యు.జి.సి. నిబంధన ప్రకారం ఇటువంటి పరీక్షలో సగం ప్రశ్నలు పరిశోధనా పద్ధతులపై, సగం విషయంపై ఉండాలి. 50 శాతం మార్కులు వచ్చినవారినే ఇంటర్వ్యూకు పిలుస్తారు. రిజర్వేషను వర్గాలకు 5 శాతం సడలింపు. తుది జాబితాలో పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ. ఫార్మసీ విద్యార్థులు సాధారణంగా విషయ భాగంలో బాగానే నెట్టుకొస్తారు. పరిశోధనా పద్ధతుల భాగమే వారిని పడగొడుతుంది. నమూనా ఎంపిక, పరికల్పన, సగటు నుండి విచలనం, గ్రంథచౌర్యం, గ్రంథ సూచికల పద్ధతి వంటి అంశాలు ఎం.ఫార్మసీలో ఉన్నప్పటికీ వాటిని పరీక్ష ముందురోజు చదివి వదిలేసే అలవాటు ఇందుకు కారణం. అబిడ్స్‌లో ఆదివారం నాడు మూసి ఉన్న దుకాణాల ముందు కాలిబాట మీద పరచే పాత పుస్తకాలలో గణాంక శాస్త్రం, పరిశోధనా పద్ధతుల పుస్తకాలు చవకగా దొరుకుతుంటాయి. అవి ఎంత పాతవైనా పనికివస్తాయి. భారత ఔషధ సంహిత వంటివి మాత్రం పాతవి కొనరాదు. 2022లో దాని తొమ్మిదవ ముద్రణ వెలువడినది. ప్రమాణాలు ముద్రణకూ ముద్రణకూ మారుతుంటాయి.

గైడు వద్ద ఖాళీ

ఇంజనీరింగు లేదా ఎం.ఫార్మసీ సీట్ల వలె పి.హెచ్.డి. సీట్లకు స్థిరమైన సంఖ్య ఉండదు. గైడుల వద్ద ఉన్న ఖాళీల మొత్తమే సీట్ల సంఖ్య. యు.జి.సి. నిబంధనల ప్రకారం ఒక సమయంలో ప్రొఫెసరు 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 గురికి, అసిస్టెంటు ప్రొఫెసరు 4 గురికి మించి పర్యవేక్షణ వహించరాదు. గైడు శాశ్వత అధ్యాపకుడై, పి.హెచ్.డి. కలిగి ఉండాలి. ప్రొఫెసరు, అసోసియేట్ ప్రొఫెసరులకు కనీసం 5, అసిస్టెంటు ప్రొఫెసరుకు కనీసం 3 పరిశోధనా పత్రాలు ప్రమాణబద్ధమైన పత్రికలలో అచ్చయి ఉండాలి. పదవీ విరమణకు మూడేళ్ళ లోపు ఉన్నవారు కొత్తవారిని తీసుకొనరాదు.

లెక్క వేసి చూస్తే పరిస్థితి అర్థమవుతుంది. ఒక అసిస్టెంటు ప్రొఫెసరు వద్ద నలుగురు పరిశోధకులు ఉన్నారనుకొందాం. ఒక్కొక్కరికి ఐదేళ్ళు పడితే, ఆ ఐదేళ్ళలో ఖాళీ అయ్యేది నాలుగు స్థానాలే. ఏడాదికి ఒకటి కూడా కాదు. ఎనిమిదిమంది ఉన్న ప్రొఫెసరు వద్దనైనా ఏడాదికి సగటున ఒకటిన్నర స్థానం మాత్రమే ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలను రిజర్వేషను నిబంధనల ప్రకారం పంచాలి. తెలంగాణ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అధ్యాపక పదవులు ఏళ్ళ తరబడి భర్తీ కాకపోవడం వలన గైడుల సంఖ్య తగ్గుతూ వచ్చినది. ఒప్పంద అధ్యాపకులు ఎంత అనుభవజ్ఞులైనా శాశ్వత అధ్యాపకులు కానందున గైడులు కాలేరు. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయ అధ్యాపకుల పదవీ విరమణ వయస్సును 60 నుండి 65కు పెంచినది. దీని వలన 57 ఏళ్ళు దాటిన ఆచార్యులు మరికొంత కాలం కొత్త పరిశోధకులను తీసుకొనే వీలు కలిగినది.

అందుచేత పరీక్షలో ఉత్తీర్ణత పొందడం, సీటు పొందడం ఒకటి కాదు. అభ్యర్థి మంచి మార్కులు తెచ్చుకొన్నప్పటికీ తన శాఖలో ఆ ఏడాది ఖాళీ లేకపోతే చేయగలిగినది లేదు. ప్రకటన వెలువడినప్పుడు శాఖల వారీగా ఇచ్చే ఖాళీల పట్టికను ముందుగా చూసి, ఆ తరువాతే రుసుము కట్టడం ఉచితం. ఆయా ఆచార్యుల ఇటీవలి పరిశోధనా పత్రాలను చదివి, మర్యాదగా ఒక లేఖ వ్రాసి, వారి వద్ద అవకాశమున్నదా అని ముందే కనుక్కోవడంలో తప్పు లేదు. అది సిఫారసు కాదు.

అనుబంధ కళాశాలల అధ్యాపకులకు కూడా, వారి కళాశాలను విశ్వవిద్యాలయం పరిశోధనా కేంద్రంగా గుర్తించినట్లయితే, గైడులుగా ఉండే వీలున్నది. పట్టము మాత్రం విశ్వవిద్యాలయమే ఇస్తుంది.

నగరంలోని సంస్థలు

ఉస్మానియాలో ఫార్మసీ విభాగం ప్రాంగణంలోని సాంకేతిక కళాశాలలో ఉన్నది. జె.ఎన్.టి.యు.హెచ్. పరిధిలో అనేక ప్రైవేటు ఫార్మసీ కళాశాలలు ఉండటం వలన, ఉద్యోగం చేస్తూ పరిశోధన చేయదలచిన అధ్యాపకులు ఎక్కువగా దానివైపు చూస్తారు. హైదరాబాదు నైపర్ 2007లో బాలానగర్‌లోని ఐ.డి.పి.ఎల్. ప్రాంగణంలో ఆరంభమైనది. కేంద్ర ఔషధ విభాగం కింద ఉన్న ఏడు నైపర్ సంస్థలకు కలిపి ఒకే ఉమ్మడి ప్రవేశ పరీక్ష జరుగుతుంది. తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐ.ఐ.సి.టి.) 1944లో నిజాం రాష్ట్ర ప్రయోగశాలగా మొదలైనది, అక్కడ పరిశోధించేవారికి వైజ్ఞానిక, నవీన పరిశోధనా అకాడమీ ద్వారా పట్టము లభిస్తుంది. ఇక్కడ ప్రవేశానికి జె.ఆర్.ఎఫ్. ఉండటం చాలా ముఖ్యం. ఇవిగాక బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణంలో ఫార్మసీ విభాగం ఉన్నది.

నాంపల్లి మెట్రో స్టేషను నుండి మియాపూర్ వైపు వెళ్ళే రైలులోనే బాలానగర్, జె.ఎన్.టి.యు. కాలేజి స్టేషన్లు వస్తాయి. ఉస్మానియాకు, ఐ.ఐ.సి.టి.కి వెళ్ళేవారు అమీర్‌పేటలో మారి తార్నాకలో దిగాలి.

ఇంటర్వ్యూ, పరిశోధనా ప్రతిపాదన

ఇంటర్వ్యూలో అభ్యర్థి తన పరిశోధనాంశాన్ని వివరించాలి. పని ఆ సంస్థలో చేయడానికి వీలైనదేనా, దాని వలన కొత్త జ్ఞానం ఏమైనా కలుగుతుందా, అభ్యర్థికి ఆ సామర్థ్యం ఉన్నదా అని కమిటీ పరిశీలిస్తుంది. 'మధుమేహానికి మూలికా మందు' వంటి విశాలమైన శీర్షిక పెట్టినవారు ఏ మొక్క, ఏ భాగం, ఏ ద్రావణి, ఏ పరీక్ష అన్న ప్రశ్నల వద్ద ఆగిపోతారు. సంస్థలో లేని ఖరీదైన యంత్రంపై ఆధారపడిన ప్రతిపాదన కూడా నిలవదు.

ఫార్మకాలజీలో పరిశోధించేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. ఎలుకలు, కుందేళ్ళు మొదలైన వాటిపై ప్రయోగాలకు సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి. 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం కింద ఏర్పడిన కేంద్ర కమిటీ వద్ద ఆ సంస్థ నమోదై ఉండాలి. నమోదు లేని కళాశాలలో పనిచేసే అభ్యర్థి ఇటువంటి ప్రతిపాదన ఇస్తే మొదటి రోజే అభ్యంతరం వస్తుంది. ఔషధ శాస్త్ర చరిత్రలో హైదరాబాదుకు ప్రసిద్ధి తెచ్చినవి కూడా జంతు ప్రయోగాలే కావడం ఇక్కడ గమనార్హం. శస్త్రచికిత్సలో వాడే క్లోరోఫారం శ్వాసను ముందు ఆపుతుందా, గుండెను ముందు ఆపుతుందా అని తేల్చడానికి హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో నిజాం ఖర్చుతో రెండు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. రెండవ దానికి ఇంగ్లాండు నుండి లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి. శ్వాసే ముందు ఆగుతుందన్న లారీ నిర్ణయం తరువాతి పరిశోధనలలో పూర్తిగా నిలవలేదు. నేడు అటువంటి ప్రతిపాదన తెచ్చిన అభ్యర్థిని కమిటీ అడిగే మొదటి ప్రశ్న, ఇన్ని జంతువులు ఎందుకు అని.

ధ్రువపత్రాలు

ఎంపికైనవారు పదవ తరగతి నుండి ఎం.ఫార్మసీ వరకు అన్ని మూల ధ్రువపత్రాలు చూపాలి. వీటిలో కొన్నింటికి మూలం అబిడ్స్, నాంపల్లి ప్రాంతమే. పదవ తరగతి మెమోలు చాపెల్ రోడ్డులోని ప్రభుత్వ పరీక్షల సంచాలక కార్యాలయం పరిధిలోనివి. ఇంటర్మీడియట్ బోర్డు నాంపల్లిలోని విద్యాభవన్‌లో ఉన్నది. పేరులో అక్షర దోషం, పుట్టిన తేదీలో తేడా, పోయిన మెమోకు నకలు వంటి పనుల కోసం విద్యార్థులు ఈ కార్యాలయాలకు రావలసి ఉంటుంది. మెమోలో ఒక పేరు, బి.ఫార్మసీ పట్టములో మరొక పేరు ఉన్నవారు ప్రకటన వచ్చే దాకా ఆగకుండా ముందే సరిచేయించుకోవాలి. సవరణకు పట్టే కాలం ప్రవేశాల గడువు కంటె ఎక్కువగా ఉండవచ్చును.

వేరే విశ్వవిద్యాలయంలో ఎం.ఫార్మసీ చదివినవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్టు, కుల, ఆదాయ సంబంధమైన సడలింపు కోరేవారికి తహశీల్దారు కార్యాలయం నుండి తగిన ధ్రువపత్రం కావాలి. ఆర్థికంగా బలహీన వర్గాల పత్రం, సంపన్న శ్రేణికి చెందరన్న పత్రం ఏటా మారుతాయి, పాతది చెల్లదు.

ఉద్యోగం చేస్తూ పరిశోధన

2022 నిబంధనలు పార్ట్‌టైమ్ పి.హెచ్.డి.ని అనుమతిస్తాయి. అర్హతలు, పరీక్ష పూర్తికాలం వారికి ఉన్నవే. అదనంగా పనిచేసే సంస్థ నుండి నిరభ్యంతర పత్రం కావాలి. అభ్యర్థికి పరిశోధనకు తగిన సమయం ఇస్తామని, అవసరమైతే కోర్సు వర్కు కోసం పని నుండి విడుదల చేస్తామని అందులో ఉండాలి. మందుల కంపెనీలలో పనిచేసేవారికి ఈ పత్రం దొరకడం కష్టం. తమ ప్రయోగశాలలోని వివరాలు సిద్ధాంత గ్రంథంలో బయటపడతాయని యాజమాన్యాలు జంకుతాయి. పూర్తయిన సిద్ధాంత గ్రంథం ఎవరైనా చదవగలిగేలా అంతర్జాలంలోని శోధ్‌గంగ భండాగారంలో చేరుతుంది కనుక ఆ భయం పూర్తిగా నిరాధారమూ కాదు.

కోర్సుకు కనీస కాలం 3 సంవత్సరాలు, గరిష్ఠం 6 సంవత్సరాలు. పునర్నమోదుతో మరో రెండేళ్ళు లభించవచ్చును. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్ళ సడలింపు ఉన్నది. మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి సెలవు లభిస్తుంది. చేరిన వెంటనే కనీసం 12 క్రెడిట్ల కోర్సు వర్కు పూర్తి చేసి 55 శాతం మార్కులు తెచ్చుకోవాలి.

దూరవిద్య ద్వారా గాని, ఆన్‌లైన్ ద్వారా గాని పి.హెచ్.డి. ఇవ్వడాన్ని యు.జి.సి. అనుమతించదు. విదేశీ సంస్థలతో కలిసి విద్యా వ్యాపార సంస్థలు ప్రచారం చేసే ఆన్‌లైన్ పి.హెచ్.డి.లు చెల్లవని 2022 అక్టోబరులో యు.జి.సి., ఎ.ఐ.సి.టి.ఇ. సంయుక్తంగా హెచ్చరించాయి. నిబంధనలు పాటించలేదన్న కారణంతో 2025 జనవరిలో రాజస్థాన్‌లోని మూడు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఐదేళ్ళపాటు పి.హెచ్.డి. ప్రవేశాలు జరపకుండా యు.జి.సి. నిషేధించినది. ప్రొఫెసరు పదవికి పి.హెచ్.డి. తప్పనిసరి కావడంతో, ఇక్కడ గైడు దొరకని అధ్యాపకులు దూర రాష్ట్రాలలోని సంస్థలలో చేరుతుంటారు. చేరే ముందు ఆ సంస్థ యు.జి.సి. జాబితాలో ఉన్నదా, గైడు అక్కడి శాశ్వత అధ్యాపకుడేనా, కోర్సు వర్కు నిజంగా జరుగుతుందా అని చూసుకోకపోతే, ఏళ్ళు గడిచాక ఆ పట్టమును ఎవరూ గుర్తించని పరిస్థితి రావచ్చును.

ఫెలోషిప్పులు

జె.ఆర్.ఎఫ్. మొత్తం 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ళ తరువాత సీనియర్ ఫెలోగా 42,000 రూపాయలు. ఇంటి అద్దె భత్యం అదనం. ఫార్మసీవారు దీనికి సి.ఎస్.ఐ.ఆర్. నెట్ ద్వారా ప్రయత్నించవచ్చును. విశ్వవిద్యాలయ స్థాయిలో స్నాతకోత్తర పరీక్షలో ప్రథమ స్థానం పొందినవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్పు పరిధిలో ఫార్మసీ కూడా ఉన్నది. నెట్ లేనివారికి యు.జి.సి. ఇచ్చే నెలకు 8,000 రూపాయల ఫెలోషిప్పు కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం, ఉస్మానియా, జె.ఎన్.టి.యు.హెచ్. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు కనుక అక్కడివారికి అది రాదు. ప్రవేశ పరీక్ష ద్వారా రెండవ వర్గంలో చేరిన ఫార్మసీ పరిశోధకుడు, గైడు వద్ద ఏదైనా ప్రాజెక్టు నిధి ఉంటే తప్ప, రసాయనాల ఖర్చుతో సహా తానే భరించవలసి వస్తుంది. ఇంటర్వ్యూకు ముందు గైడును అడగవలసిన ప్రశ్నలలో ఇది కూడా ఒకటి.